కోరా గుడ్డ

తిరువళ్లూరు స్టేషను వెనక, బియ్యం మిల్లును ఆనుకొని ఉన్న రేకుల షెడ్డు నుంచి బయటికి పోయిన మూట ఏదీ అంతవరకు వెనక్కి రాలేదు. అందుకే ఆ రోజు మిల్లు ముందర లారీ ఆగి, క్లీనరు గోనెపట్టా మూట ఒకదాన్ని కిందికి దొర్లించి, ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్లిపోయినప్పుడు, షెడ్డులో కుట్టుమిషన్లు ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి.

షెడ్డు సుందరరాజులుది. ఆయన తాతల కాలంలో చిత్తూరు పక్క నుంచి వచ్చి తిరువళ్లూరులో జవుళి అంగడి పెట్టుకున్న కుటుంబం. అంగడిని తమ్ముడికి వదిలేసి ఆయన ఈ షెడ్డు వేశాడు. పని మిలిటరీది. మిలిటరీది అంటే నేరుగా కాదు. ఆసుపత్రి బట్టలు కావాలని సైన్యం డిపో మద్రాసులో ఒక పెద్ద కాంట్రాక్టరుకు చెబుతుంది. ఆయన మిల్లు గుడ్డ కొని, కత్తిరించి, కుట్టుపనిని ఊళ్లకు పంచుతాడు. అలా పంచిన దాంట్లో ఒక పాలు సుందరరాజులుకు వస్తుంది. గాయపడ్డ సిపాయిలు మంచం మీద వేసుకునే తెల్ల చొక్కా, తెల్ల పైజామా. కుట్టేవాళ్లు ఆసుపత్రిని చూడరు. ఆసుపత్రిలో ఉన్నవాళ్లకు కుట్టినవాళ్లు ఎవరో తెలియదు. మధ్యలో ఉన్నవి మూటలు, లారీలు, గోనెపట్టా మీద నల్ల సిరా ముద్రలు.

“మనం కూడా మిలిటరీనే మే. తుపాకీ లేని మిలిటరీ,” అని సుందరరాజులు కొత్తగా పనికి చేరిన ప్రతి మనిషికీ చెప్పేవాడు.

“అట్లయితే మాకూ పింఛను ఇప్పించు మామా,” అనేది పొన్నమ్మ, మిషను తొక్కడం ఆపకుండానే. పొన్నమ్మ నోటికి షెడ్డులో అందరూ జంకేవారు, సుందరరాజులుతో సహా.

అది డెబ్భై రెండు ఎండాకాలం. యుద్ధం ముగిసి నెలలు గడిచాయి కాని, ఆ సంగతి గాయాలకు తెలియదు కదా. ఆసుపత్రి బట్టల పని తగ్గలేదు.

షెడ్డులో చివరి పని కస్తూరమ్మది. కుట్టి, కాజాలు వేసి, గుండీలు పెట్టిన బట్ట అంతా ఆమె ముందుకు వస్తుంది. పైజామా నడుం పట్టీలోకి నాడా ఎక్కించి, రెండు కొసలూ సమంగా లాగి, లోపలికి జారిపోకుండా గట్టి ముడి వేసి, చొక్కాతో కలిపి మడిచి పేర్చడం ఆమె పని. షెడ్డు దాటే ప్రతి జతా ఆమె చేతుల మీదుగా పోవలసిందే. తిరుత్తణి నుంచి పొద్దున పాసింజరులో వస్తుంది, సాయంత్రం పాసింజరులో పోతుంది. ఎక్కువ మాట్లాడదు. పోయిన డిసెంబరులో ఆమె కొడుకు నటరాజ్ తూర్పు సరిహద్దులో గాయపడి, ఆసుపత్రిలో కొన్నాళ్లు ఉండి, చనిపోయాడు. అందువల్ల ఆమె మాట్లాడకపోయినా ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు.

సుందరరాజులు మూట విప్పించాడు. పైన చొక్కాలు, కింద పైజామాలు. అన్నీ ఒకసారి ఉతికి ఉన్నాయి. ఒక పైజామా తీసి నడుం పట్టీ తిరగేశాడు. లోపలివైపు, నాడా బయటికి వచ్చే చోటు పక్కన, మినపగింజంత ఎర్రటి మరక. ఇంకొకటి తీశాడు. అదే చోట అదే మరక. చొక్కాల అంచు లోపల కూడా.

“రక్తం,” అన్నాడు. “మిల్లుకు ఫోను వచ్చినప్పుడే అనుకున్నా. రక్తం మరకల గుడ్డలు ఆసుపత్రికి పంపిస్తారా అని మద్రాసాయన నన్ను నానా మాటలూ అన్నాడు. రేపు డిపో ఇన్‌స్పెక్టరు వస్తాడంట. ఎవురి చేతి పనో అప్పటికి తేల్చాల. తేల్చకపోతే మన పాలు సేలమోళ్లకు పోతాది. అందరూ మిషన్లు మూసుకోని ఇండ్లకు పోవాల్సిందే. వినపడిందా?”

ఆడవాళ్లు దగ్గరికి వచ్చి చూశారు. ఒకరి కళ్లు ఇంకొకరి కళ్లతో ఒక్కసారి కలిసి, వెంటనే విడిపోయాయి. ఆ మరక ఏమిటో తెలియని ఆడమనిషి ఆ షెడ్డులో లేదు. పండుగ మర్నాడు బట్టలు చాకలిసోడా నీళ్లలో వేస్తే కొంగు మీది పసుపు ఎర్రగా తిరగడం చూస్తూ పెరిగినవాళ్లే అందరూ. సుందరరాజులు తన పంచె తాను ఎన్నడూ ఉతుక్కోలేదు. ఆయనకు అది రక్తంగానే కనపడింది.

“ఏం మే, ఒక్కరూ పలకరే?”

“పలికేదానికి ఏముండాది మామా,” అంది పొన్నమ్మ. “నువ్వు రక్తమంటివి. మేము వింటిమి.”

కస్తూరమ్మ తన చోటు నుంచి కదల్లేదు. ఆమె వక్కాకు సంచిలో, సున్నం డబ్బీ పక్కన ఇంకో చిన్న రేకు డబ్బీ ఉంది. దాంట్లో తడి పసుపు. నాడా ఎక్కించడం అయ్యాక, మడత పెట్టే ముందు, ఉంగరపు వేలితో పట్టీ లోపల ఒక్క చుక్క, చొక్కా అంచులో ఒక్క చుక్క. సంక్రాంతి తర్వాత పనిలో చేరిన రోజు నుంచి ఆమె చేతి నుంచి పోయిన ప్రతి జతకూ ఆ చుక్క ఉంది. అది ఎవరికీ కనపడదనుకుంది. నడుం పట్టీ లోపల ఏముందో ఎవరు తిరగేసి చూస్తారు?

సుందరరాజులు చూపు తిరుగుతూ తిరుగుతూ ఆరోగ్యమేరి చేతి మీద ఆగింది. కాజాలు ఆమె కుడుతుంది. ఎడమ చూపుడువేలికి గుడ్డపీలిక చుట్టుకొని ఉంది.

“ఏంది అది?”

“సూది గుచ్చుకున్నింది అయ్యా.”

“చూడు మరి. ఇంగేం కావాల?”

“సూది గుచ్చుకోకుండా కాజా యాడ కుట్టేది అయ్యా? అందరికీ గుచ్చుకుంటాది.”

“గుచ్చుకుంటే గుచ్చుకోనీ. గుడ్డకు తుడిచేది ఏంది? తెల్ల గుడ్డ గదా, సిపాయిల గుడ్డ గదా, రవ్వంత గ్యానం ఉండక్కర్లా?”

“నేను తుడవలేదయ్యా.”

“రేపట్నుంచి రావద్దు. రేపు ఆయన వచ్చినాక ఎవురో ఒకర్ని చూపించాల నేను.”

సుందరరాజులు చెడ్డవాడు కాదు. భయపడ్డాడు, అంతే. కాని ఆ భయం వెళ్లి వాలింది ఆరోగ్యమేరి మీద. తిరువాలంగాడులో ఆమెకు ఇద్దరు ఆడపిల్లలు. ఇటుక బట్టీలో నడుం విరగ్గొట్టుకొని మంచాన పడ్డ మొగుడు. షెడ్డులో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు, సుందరరాజులుతో సహా.

ఆరోగ్యమేరి సూదిని గుడ్డ ఉండకు గుచ్చింది. టిఫిను గిన్నె తీసుకొని బయటికి నడిచింది. కాని ఎక్కడికి పోతుంది? ఆమె ఊరికి బండి సాయంత్రం కాని లేదు. మిల్లు అరుగు మీద, నీడ పడ్డ చోట కూర్చుంది. కస్తూరమ్మ చోటు నుంచి చూస్తే తలుపులోంచి ఆమె వీపు కనపడుతూనే ఉంది. సాయంత్రం దాకా ఆ వీపు ఒరగలేదు.

ఆ పూట కస్తూరమ్మ డబ్బీ మూత తీయలేదు. నాడాలు ఎక్కించింది, ముడులు వేసింది. మడిచి మాత్రం పెట్టలేకపోయింది. పసుపు పడని పైజామాలు ఆమె పక్కన కుప్పగా పడి ఉండిపోయాయి.

*

నటరాజ్‌తో పాటే పట్టాళంలో చేరిన కుర్రవాడు తణికాచలం. పళ్లిపట్టు వాడు. సెలవు మీద వచ్చినప్పుడు తిరుత్తణికి వచ్చి, కొండ కింద కస్తూరమ్మ మొగుడు వరదరాజులు పెట్టుకున్న కర్పూరం, కొబ్బరికాయల అంగడి ముందర చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత ఇంటికి వచ్చాడు. ఆసుపత్రిలో నటరాజ్‌ను ఒకసారి చూశానని చెప్పాడు. కస్తూరమ్మ అడిగినవన్నీ చిన్న చిన్న ప్రశ్నలు. తిన్నాడా, నిద్రపోయాడా, దుప్పటి ఉందా. తణికాచలానికి తెలిసినంతలో చెప్పాడు. పోతూ పోతూ, ఆమెకు ఊరట కలగాలనే, ఒక మాట అన్నాడు.

“శుద్ధంగా పెట్టినారు పెద్దమ్మా. తెల్లబట్టలు తొడిగిండారు. కొత్త బట్టలు. మడత కూడా నలగలేదు.”

ఆ మాట ఆమెలో దిగిపోయింది. ఆ కుర్రవాడికి తెలిసే అవకాశం లేదు. ఏ కొత్త గుడ్డ అయినా ఒంటి మీద వేసుకునే ముందు కొసకు పసుపు పెట్టడం ఆమె అమ్మ, అత్త, అందరి ఇళ్లలోనూ ఉన్నదే. చంటిబిడ్డ చొక్కాకూ పెడతారు, పెళ్లికొడుకు పంచెకూ పెడతారు. పసుపు పెట్టకుండా, కోరాగా, ఒంటి మీద కప్పేది ఒక్కరికే. ఇంక లేవని మనిషికి. తన బిడ్డకు ఊపిరి ఉండగానే ఎవరో ఆ గుడ్డ తొడిగారు. వాళ్ల తప్పు లేదు, వాళ్లకు ఎవరు చెబుతారు? అయినా తొడిగారు. వాడు లేవలేదు.

ఈ మాట ఆమె మొగుడితో అనలేదు. కాని సుందరరాజులు షెడ్డులో ఆసుపత్రి బట్టలు కుడుతున్నారని విన్న వారం, నడుం నొప్పి ఉన్న మనిషి, రైలెక్కి పనికి బయల్దేరింది.

*

సాయంత్రం పాసింజరులో ఆరోగ్యమేరి కిటికీ పక్కన కూర్చుంది. కస్తూరమ్మ ఎదురుగా కూర్చుంది. బండి కడంబత్తూరు దాటింది.

“మేరీ.”

“ఏంక్కా.”

“అది రక్తం కాదు.”

“తెలుసు.”

కస్తూరమ్మ ఆమె ముఖంలోకి చూసింది. “ఎట్ల తెలుసు?”

ఆరోగ్యమేరి చిన్నగా నవ్వింది. “షెడ్డులో అందరికీ తెలుసు అక్కా. మాకు తెలుసనేది నీకొక్కదానికే తెలీదు. నువ్వు తలొంచుకోని డబ్బీ తీస్తావు గదా, అప్పుడు పొన్నమ్మక్క గట్టిగా ఏదో ఒకటి మాట్లాడతాది, అయ్య చూపు అట్ల తిరగాలని. నువ్వెప్పుడూ గమనించలేదా?”

కస్తూరమ్మకు గుర్తొచ్చింది. పొన్నమ్మ గొంతు ఒక్కోసారి ఊరికే లేవడం, సుందరరాజులు అటు తిరిగి ఆమెతో వాదనకు దిగడం.

“మరి చెప్పొచ్చు గదే. నీ పని పోతాంటే ఎందుకు చెప్పలేదు?”

“చెప్తే నిన్ను ఆపమంటాడు గదక్కా.”

“నువ్వు చర్చికి పోయేదానివి. పసుపుతో నీకేం పని?”

“నాకు పసుపుతో పని లేదు. నీతో ఉండాది.” ఆరోగ్యమేరి వేలికున్న పీలిక విప్పి, మళ్లీ చుట్టుకుంది. “నేనూ కాజా కుట్టేటప్పుడు ఒక్కోదానికి ఒక్కో జపం చెప్పుకుంటాను. దానికి మరక పడదు, అంతే తేడా. నాదేముందిలే, ఊత్తుకోట పక్క బీడీల పని ఉండాదంటాండారు, చూసుకుంటా.”

“ఊత్తుకోటకు రోజూ యాడ పోతావే, ఆ పిల్లల్నీ ఆ మనిషినీ ఇడిసిపెట్టి?”

ఆరోగ్యమేరి గిన్నె తీసుకొని లేచింది. తిరువాలంగాడు వచ్చింది. దిగేముందు కస్తూరమ్మ భుజం మీద చెయ్యి వేసి తీసింది. ప్లాట్‌ఫారం మీద పెద్దపిల్ల ఎదురొచ్చి అమ్మ చేతిలోని గిన్నె అందుకుంది. బండి కదిలింది.

అరక్కోణంలో బండి చాలాసేపు ఆగింది. కస్తూరమ్మ లెక్క ఒక్కటే వేసుకుంది, మళ్లీ మళ్లీ. చెబితే మేరీకి పని మిగులుతుంది. చెబితే సుందరరాజులు తన్ను కూడా వెళ్లగొట్టడు. కొడుకును పోగొట్టుకున్న మనిషి అని జాలిపడతాడు, ఇంక పెట్టనని మాట ఇమ్మంటాడు. ఆ మాట ఇచ్చాక, ఆ కుప్పలు కుప్పలు తెల్లబట్టలను కోరాగా, తన చేతులతోనే, బతికున్న బిడ్డల మీదికి పంపాలి. పని మానేసినా అంతే, ఇంకెవరో పంపుతారు. అది ఆమె వల్ల కాదు. మేరీ పిల్ల గిన్నె అందుకున్న తీరు చూశాక ఊరుకోవడమూ ఆమె వల్ల కాదు.

ఇంట్లో వరదరాజులు దీపం పక్కన కర్పూరం బిళ్లలు పొట్లాలు కడుతున్నాడు. కొడుకు పోయాక ఆయన అంగడి పని ఇంటికి కూడా తెచ్చుకుంటున్నాడు. కస్తూరమ్మ ఆయన ఎదురుగా కూర్చొని అంతా చెప్పింది. తణికాచలం మాటతో మొదలుపెట్టి, మేరీ బండి దిగిపోవడం దాకా. పసుపు సంగతి ఆయన వినడం అదే మొదలు.

వరదరాజులు ఒక పొట్లం కట్టడం ముగించి పక్కన పెట్టాడు.

“ఆ పిల్లోడు కొత్తయి అనకుండా ఉంటే బాగుండు,” అన్నాడు.

“వాడు మంచికే అన్నాడు.”

“అవును. మంచికే.” ఇంకో కాగితం తీసుకున్నాడు కాని మడవలేదు. “రేపు చెప్పేసెయ్. ఇంగ పెట్టనని మాత్రం వాళ్ల కోసరం చెప్పొద్దు. నీకు చేతనయితేనే చెప్పు.”

*

మర్నాడు ఆమె వెళ్లేసరికే ఇన్‌స్పెక్టరు వచ్చి ఉన్నాడు. పేరు ఆదిమూలం. ఊత్తుకోట పక్క మనిషి. నుదుట సన్నటి విభూతి, చేతిలో మడిచిన టవలు. కుర్చీలో కూర్చొని మజ్జిగ తాగుతున్నాడు. బల్ల మీద మరకల పైజామా ఒకటి పరిచి ఉంది. ఎదురుగా సుందరరాజులు నిలబడి ఉన్నాడు, బడిలో పాఠం అప్పజెప్పేవాడిలాగా.

“ఆమెను నిన్ననే పంపించేసినాను సార్. కాజాలు కుట్టే ఆమె. వేలికి గాయం—”

“ఆమె కాదయ్యా,” అంది కస్తూరమ్మ వాకిట్లోంచే. చెప్పులు విడవడం కూడా మరిచిపోయింది. “అది రక్తమే కాదు. పసుపు. నేను పెట్టినాను. అన్నిటికీ నేనే పెట్టినాను.”

మిషన్ల చప్పుడు ఆగింది. సుందరరాజులు నోరు తెరిచి, పైజామా వైపు చూసి, మళ్లీ కస్తూరమ్మ వైపు చూశాడు.

“పసుపా? ఎర్రగా ఉండాదే?”

“సోడా తగిలితే అట్లనే ఉంటాది మామా,” అంది పొన్నమ్మ. “ఇంట్లో మా అత్తమ్మనడుగు, చెప్తాది. తుపాకీ లేని మిలిటరీ గదా మనది. ఉన్నింటే నిన్న తప్పు మనిషిని కాల్చేసి ఉందువు.”

ఆదిమూలం గ్లాసు కింద పెట్టాడు. ఆయన ఆశ్చర్యపోలేదు. పైజామా చేతిలోకి తీసుకొని బొటనవేలితో మరకను రుద్దాడు.

“పసుపని నేను డిపోలోనే అనుకున్నానమ్మా. మా అమ్మ కూడా పెడతాది. మా ఆఫీసరు ఢిల్లీ పక్కాయన, రక్తమని పట్టుకున్నాడు. ఎవురు పెడతాండారో, ఎందుకో తెలుసుకోకుండా ఆయనకు ఏమని చెప్పేది? అందుకని వచ్చినాను.” టవలుతో మెడ తుడుచుకున్నాడు. “సరి, ఇప్పుడు తెలిసింది. తప్పు పని ఏం కాదు. అయినా ఇంగ పెట్టొద్దు తల్లీ. తొట్టిలో ఏసిన ప్రతి గుడ్డా ఎర్రగయితే అక్కడ ధోబీలు భయపడతాండారు. గుడ్డ మీద ఏ మరకా ఉండకూడదు. అది రూలు.”

“ఇంగ పెట్టనని చెప్పక్కా,” అన్నాడు సుందరరాజులు. ఆయన గొంతులో కోపం లేదు, ప్రాధేయపడడం ఉంది. “చెప్పేస్తే అయిపోతాది. సార్ మంచి మనిషి.”

కస్తూరమ్మ నిలబడే ఉంది. అందరూ ఆమె ఒక్క మాట కోసం ఆగారు. ఆ మాట చెప్పడం ఎంత తేలికో ఆమెకు తెలుసు.

“ఏంటమ్మా?” అన్నాడు ఆదిమూలం.

“కోరా గుడ్డ ఎట్ల తొడుగుతారు సార్,” అంది కస్తూరమ్మ మెల్లగా, “బతికుండే బిడ్డకు?”

పొన్నమ్మ తల వంచుకుంది. ఆదిమూలం ఆ ప్రశ్నను తేలిగ్గా తీసుకోలేదు. కుర్చీలోంచి కొంచెం ముందుకు వంగాడు.

“కోరాగా ఎవురు తొడుగుతారమ్మా? మీ దగ్గర్నుంచి వచ్చిన గుడ్డను వచ్చినట్టు వార్డుకు పంపరు. ముందు సోడాలో ఉడకేస్తారు. ఉతుకుతారు. ఎండేస్తారు. ఇస్తిరీ చేసి, అప్పుడు బీరువాలో పెడతారు. రోగాలు అంటుకుంటాయని రూలు అది. ఈ పైజామా చూడు. ఎర్రగయింది యాడ? ధోబీ తొట్టిలో. ఒక్కటి కూడా ఉతక్కుండా మనిషి ఒంటి మీదికి పోలేదు. పోయుంటే అది పసుపుగానే ఉండేది గదా?”

కస్తూరమ్మ బల్ల దగ్గరికి వచ్చింది. పైజామాను ముట్టుకుంది. ఉతికిన గుడ్డ. గంజి పోయి మెత్తబడ్డ గుడ్డ. ఒకసారి నీళ్లలో తడిసి ఎండిన గుడ్డను ఎవరూ కోరా అనరు. ఇంట్లో పసుపు అందనప్పుడు, కొత్త గుడ్డను ఒకసారి నీళ్లలో ముంచి తీసి కట్టుకో అని ఆమె అత్తే అనేది. ఆ మాట ఇన్ని నెలలూ ఆమెకు గుర్తే రాలేదు.

“అన్ని ఆసుపత్రుల్లోనూ అంతేనా సార్?”

“అన్నిట్లోనూ అంతే.”

“యుద్ధం జరుగుతాన్నప్పుడు కూడానా?”

ఆదిమూలం టవలు మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. ఈ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో ఆదిమూలానికి ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

“ఆ సరిహద్దు పక్క ఆసుపత్రుల్లో నేను పని చెయ్యలేదమ్మా,” అన్నాడు. “చేసినానని అబద్ధం చెప్పను. ఆ రోజుల్లో ఎట్ల జరిగిందో చూసినోళ్లు చెప్పాల. నాకు తెలిసింది ఒకటే. నా సర్వీసులో, యాడా, ఉతక్కుండా వార్డుకు పోయిన గుడ్డను నేను చూడలేదు. ఉతికి ఇస్తిరీ చేసింది చూసేవాళ్లకు కొత్తది మాదిరే ఉంటాది. మడత కూడా నలగదు.”

కస్తూరమ్మ పైజామాను మడిచింది. నిదానంగా, కొస కొసకు కలిపి, అరచేత్తో అదిమి, బల్ల మీద పెట్టింది.

“ఇంగ పెట్టను సార్,” అంది.

తర్వాత సుందరరాజులు వైపు తిరిగింది. “మేరీని పిలిపించయ్యా. ఆమె వస్తేనే నేను నాడా ముట్టుకునేది.”

“పిలిపించేది ఏంది మే,” అంది పొన్నమ్మ, “మామ పోయి పిల్చుకోని వస్తాడు. స్కూటరు ఊరికే ఉండాది గదా.”

సుందరరాజులు చొక్కా సర్దుకున్నాడు. ఆదిమూలం మజ్జిగ గ్లాసు ఖాళీ చేసి లేచాడు. “మరక పోగొట్టి పంపండి, తీసుకుంటాం,” అన్నాడు. “ఎట్ల పోతాదో మీకు నేను చెప్పక్కర్లేదు.”

*

పసుపు మరక ఎండకు పోతుంది. మిల్లు వాళ్లు ఉడికించిన వడ్లు ఆరబోసే సిమెంటు కళ్లం ఆ పూట ఖాళీగా ఉంది. మూటలో ఉన్న బట్టలన్నీ మంచినీళ్లలో జాడించి, నడుం పట్టీలు తిరగేసి, చొక్కా అంచులు పైకి మడిచి, కళ్లం నిండా పరిచారు. సోడా వదిలేసరికి ఎరుపు తగ్గి, చుక్కలన్నీ మళ్లీ పసుపు రంగుకు వచ్చాయి. చైత్రం ఎండలో తెల్లబట్టల మీద ఎక్కడ చూసినా పసుపు చుక్కలే. దాచి దాచి ఒక్కొక్కటిగా పెట్టినవి, అన్నీ ఒక్కచోట, అందరి కళ్ల ముందర.

మధ్యాహ్నం స్కూటరు వచ్చి ఆగింది. ఆరోగ్యమేరి వెనక సీటు మీంచి దిగి, కొంగు సర్దుకొని, కళ్లం గట్టు మీదికి వచ్చి నిలబడింది. సుందరరాజులు ఆమెతో దారిలో ఏమన్నాడో ఎవరికీ తెలియదు. షెడ్డులోకి పోతూ “మంచి సూదులు తెప్పిస్తా,” అని మాత్రం గోడతో అన్నట్టు అన్నాడు.

“అక్కా,” అంది ఆరోగ్యమేరి, “వడ్లకు బదులు నీ పసుపు ఆరబోసినట్టుండాదే.”

కస్తూరమ్మ నవ్వలేదు కాని, ముఖం తిప్పుకోలేదు. గట్టు మీద ఆమెకు చోటిచ్చి జరిగింది. ఇద్దరూ కూర్చొని చూస్తూ ఉన్నారు. పొద్దు వాలేసరికి చుక్కలు పలచబడ్డాయి. మర్నాడు సాయంత్రానికి, ఎక్కడ పెట్టిందో ఆమెకే వెతికితే కాని కనపడలేదు. తర్వాత వెతికినా కనపడలేదు.

కొత్త మూట కోసం నాడాలు ఎక్కించడం మొదలుపెట్టిన రోజు, ఆమె చెయ్యి అలవాటుగా వక్కాకు సంచి దాకా పోయింది. అక్కడ సున్నం డబ్బీ ఒక్కటే ఉంది. రెండోదాన్ని ఇంట్లో దేవుడి గూట్లో పెట్టి వచ్చింది. ఒక క్షణం అలాగే ఆగి, చెయ్యి వెనక్కి తీసుకుంది. పైజామాను ఒళ్లోకి లాక్కొని, నాడా కొసలు రెండూ సమం చేసింది. వాటికి గట్టి ముడి వెయ్యలేదు. ఒక కొసను లాగితే చాలు విడిపోయేలా పువ్వు ముడి వేసింది. ఒకసారి తనే లాగి చూసుకొని, మళ్లీ వేసింది.

ఎదురుగా ఆరోగ్యమేరి చూస్తూ ఉంది. “ఊడిపోదా అక్కా?”

“ఊడాల,” అంది కస్తూరమ్మ. “జొరంలో ఉండే పిల్లోడికి చేతుల్లో బలం యాడుంటాది?”